అప్పన్న మునిగిపోయిన మధ్యాహ్నం

కాదు, ఆ మాట వెనక్కి తీసుకుంటే తప్ప నేను ఊరుకునేది లేదు. చెత్త అట! "అక్కా, మునిగిపోయిన ఓడ, సముద్రం అడుగున గుడి, శాపం, తామ్రపత్రం, ఒంటికన్ను విలన్, అంతే కదా! ఈ చెత్త పాతకాగితాల రద్దీలో వేస్తే నీకెందుకంత బీపీ?" అని మా బాబాయి కొడుకు ప్రసాద్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, పక్కన పళ్ళికిలించే బొమ్మ కూడా. నేను అప్పటికే ఆ పుస్తకాన్ని రద్దీవాడి తక్కెడ మీంచి లాక్కుని, సంచీలో కుక్కుకుని, బిలాస్‌పూర్ స్టేషన్లో హైదరాబాద్ బండెక్కి కూర్చున్నాను. ఎక్కిన దగ్గర్నుంచీ ఫోన్లో వాడితో యుద్ధమే. నా బొటనవేళ్ళ వేగం చూసి ఎదురు సీటాయన భయపడి కిటికీ వైపు తిరిగిపోయాడు. నాకు కోపం తొందరగా వస్తుందని ఇంట్లో అందరూ అంటారు. రాదా మరి? నా చిన్నతనం మొత్తం ఏ చప్పుళ్ళ మధ్య, ఏ నీళ్ళ కింద గడిచిందో అదంతా ఆ అట్టల మధ్య ఉందని నమ్ముకున్నదాన్ని నేను.

పుస్తకం అన్నాను గానీ, అది కొట్లో కొన్న పుస్తకం కాదు. వారపత్రికలో వారం వారం వచ్చిన సీరియల్ పేజీలు కత్తిరించి, వరసగా పేర్చి, దబ్బనంతో కన్నాలు పొడిచి, తెల్లదారంతో మా పెద్దమ్మ కుట్టిన బైండు. అట్ట పాత క్యాలెండరుది, లోపలి వైపు ఇంకా ఏదో నెల తేదీలు కనిపిస్తున్నాయి. అప్పటి తెలుగిళ్ళలో ఇలాంటి బైండ్లు బీరువాల నిండా ఉండేవి. పెద్దమ్మ సర్కండాలో ఉన్న తన ఇంటికి రంగులు వేయిస్తూ అటక ఖాళీ చేయమంది. ప్రసాద్ చేశాడు. అదృష్టం కొద్దీ నేను అప్పుడే వెళ్ళాను.

బండిలో ఆ బైండు విప్పి చదవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళలో నేను దాన్ని నా కళ్ళతో చదవడం అదే మొదటిసారి. బిలాస్‌పూర్‌లో నేను చదువుకున్నది హిందీలో. తెలుగు వినడం వచ్చు, మాట్లాడటం వచ్చు, అక్షరాలు మాత్రం నాకు చీమల బారుల్లాగే ఉండేవి. హైదరాబాదులో ఉద్యోగానికి వచ్చాక బస్సుల మీదా, షాపుల మీదా బోర్డులు కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకని ఆ సీరియల్ నా మనసులో ఉన్నదంతా పెద్దమ్మ గొంతుతోనే ఉంది. ఇప్పుడు గోందియా దాటేదాకా పేజీలు తిరగేశాను. ఓడ ఉంది. గుడి ఉంది. ఒంటికన్ను విలన్ ఉన్నాడు. నా అప్పన్న మాత్రం లేడు. మొదట్నుంచి చివరి దాకా, చివరి నుంచి మొదటి దాకా వెతికాను. ఎక్కడా ఆ పేరే లేదు. వెంటనే పెద్దమ్మకి ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, అప్పన్న ఏడీ?"

"ఏ అప్పన్నే? పాలోడా?"

"పాలవాడు కాదు. ఓడలో అప్పన్న."

అటువైపు కుక్కర్ ఈల వేసింది. "ఆడా? ఆడు సచ్చిపోనాడు కదే."

"చావడం తర్వాత సంగతి. అసలు పుట్టనే లేదు. పుస్తకంలో లేడు!"

"లేకపోతే లేడు. ఇప్పుడేటి, నా మీద కేసెడతావేటి? ఫోన్ పెట్టీ. నా టీవీ సీరియలొచ్చీ టైమయింది."

పెట్టేసింది. కిటికీ బయట ఎండలో పొలాలు కదిలిపోతున్నాయి. కాసేపటికి అవి పొలాల్లా కనిపించడం మానేసి నీళ్ళలా కనిపించడం మొదలుపెట్టాయి.

మా క్వార్టర్ రైల్వే కాలనీలో యార్డుకి దగ్గరగా ఉండేది. తాత ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి లోకో షెడ్డులో చేరాడు. నాన్న కూడా అదే షెడ్డు. మా వరసలో సగం ఇళ్ళు అటువైపు నుంచి వచ్చినవాళ్ళవే. ఎండాకాలం మధ్యాహ్నం మగాళ్ళంతా డ్యూటీలకి పోయాక, పెద్దమ్మ వరండాని బకెట్లకొద్దీ నీళ్ళతో కడిగేది. ఎర్రటి గచ్చు బుస్సుమని ఆవిరి చిమ్మి, మెల్లగా చల్లబడేది. గోనెపట్టాలు తడిపి జాలీకి వేలాడదీసేది. వాటి సందుల్లోంచి లోపలికి వచ్చే వెలుతురు ఆకుపచ్చగానూ కాదు, పసుపుగానూ కాదు, నీళ్ళ అడుగున ఉండే వెలుతురేదో అలా ఉండేది. తడి గోనె వాసన, బొగ్గు వాసన, ఎక్కడో ఎవరో ఆరబోసిన ఇప్పపువ్వు మత్తు వాసన. యార్డులో షంటింగ్ ఇంజను కూత వేస్తే మాకది ఓడ కూత. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుని దడదడమంటే ఓడ పక్కలకి కెరటాలు కొట్టుకుంటున్నట్టే. సముద్రానికి ఇంత దూరంలో, చుట్టూ మైళ్ళకొద్దీ ఎర్రమట్టి ఉన్న ఊళ్ళో, మా వరండా రోజూ మధ్యాహ్నం మెల్లగా లంగరు ఎత్తేది.

వారపత్రిక విశాఖ బండిలో వచ్చేది. నాన్నకి తెలిసిన గార్డు ఒకాయన చుట్టల కట్టతో పాటు అదీ తెచ్చి ఇచ్చేవాడు. చుట్టలు మామ్మకి. మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, మా వైపు ముసలాళ్ళందరిలాగే అడ్డపొగ తాగేది: నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసుకుని. చిన్నప్పుడు నేను మామ్మ కడుపులో ఇంజను ఉందనుకునేదాన్ని. పత్రిక పెద్దమ్మది. ఆ వరండాలో చేరే ఆడవాళ్ళలో పెద్దవాళ్ళకి అక్షరం రాదు, నడివయసు వాళ్ళకి హిందీ తప్ప తెలుగు చదవడం రాదు. భీమిలి దగ్గర బళ్ళో పదో తరగతి దాకా చదివిన పెద్దమ్మ ఒక్కతే తెలుగు గడగడా చదివేది. అందరూ గోడకి చేరబడి కళ్ళు మూసుకునేవారు. పక్క క్వార్టర్ పార్వతమ్మగారు, అంటే ఆ గార్డుగారి భార్య, చేటలో చింతపండు వేసుకుని పిక్కలు తీస్తూ వినేది. గతౌరా నుంచి కూరలు తెచ్చే ఫూల్‌బాయి గంప దించి మెట్టు మీద కూర్చునేది. ఆమెకి తెలుగు ఒక్క ముక్క రాదు. నీడ కోసం కూర్చునేది కాబోలు. అయినా పెద్దమ్మ గొంతు వణికినప్పుడల్లా "డోంగా బూడ్‌గే కా బాయీ?" అని అడిగేది. పడవ మునిగిందా అని. "అభీ నహీ", ఇంకా లేదని మేమందరం కలిసి అరిచేవాళ్ళం.

ఆ ఎండాకాలం చదివిన సీరియల్ కథ చెప్తాను, ప్రసాద్ చెత్త అన్నదే. బంగాళాఖాతంలో ఒకచోట నీళ్ళ కిందనుంచి గంట వినిపిస్తుంది. విన్న ఓడ మునిగిపోతుంది. పూర్వం కళింగ వర్తకులు ఓడల్లో వెళ్ళేటప్పుడు మొక్కుకునే గుడి ఒకటి ఒక దీవి మీద ఉండేది, దీవితో సహా సముద్రం దాన్ని మింగేసింది, ఆ గంట దానిదే. ఒక సరుకు ఓడ సరిగ్గా ఆ చోటే మునిగిపోతుంది. కెప్టెన్ విక్రాంత్ బతికి బయటపడతాడు. పాత శాసనాలు చదివే మాధురి అనే అమ్మాయి దగ్గర సగం తామ్రపత్రం ఉంటుంది. మిగతా సగం ఒంటికన్నువాడి దగ్గర. ముగ్గురూ నీళ్ళలోకి దిగుతారు. ఇంకేం కావాలి మీకు?

మామ్మకి మాత్రం ఇంకేదో కావాలి. అది అర్థం కావాలంటే మా పెదనాన్న సంగతి చెప్పాలి. సూర్యం పెదనాన్న మామ్మకి పెద్దకొడుకు. రైల్వేలో చేరమంటే వినకుండా విశాఖ వెళ్ళి సరుకు ఓడలో ఖలాసీగా చేరాడు. పెద్దమ్మని పెళ్ళి చేసుకున్న ఏడాదిలోనే ఆ ఓడ తుఫానులో కనపడకుండా పోయింది. చెక్కముక్క కూడా దొరకలేదు. అప్పటికి నేనింకా పుట్టలేదు. మామ్మ వెళ్ళి కోడల్ని బిలాస్‌పూర్ తెచ్చుకుంది. ఎవరైనా జాలిగా మొహం పెట్టి "పోయినోళ్ళు పోనారు" అంటే చాలు, చుట్ట నోట్లోంచి తీసి, "ఎవలు సూసేరు?" అని అడిగేది. ఎవరూ చూడలేదు కదా. అక్కడితో మాట ఆగిపోయేది. రోజూ సాయంత్రం వంట కాగానే మూత ఉన్న గిన్నెలో ఒక మనిషి అన్నం తీసి పక్కన పెట్టించేది. సూరిగాడి ముద్ద, ఏ బండికి దిగుతాడో అని. పొద్దున్నకి అది చద్దన్నం అయ్యేది. పెద్దమ్మ అదే తినేది. మొగుడి కోసం తీసిన అన్నం రోజూ పొద్దున్నే ఉల్లిపాయతో నంజుకు తింటూ ఆవిడ ఏమనుకునేదో నాకు తెలీదు. ఒక్కటి మాత్రం తెలుసు. పెద్దమ్మ కాలనీ గేటు దాటకూడదు. బజారుకి అమ్మ వెళ్ళాలి, సినిమాకి మేం వెళ్ళాలి. "ఆడొచ్చీసరికి నువ్వింట్లో లేకపోతే ఆడేటైపోతాడు?" అనేది మామ్మ. ఊరి మధ్యలోంచి అర్పా నది పారుతోందని విని ఉండటమే గానీ, అన్నేళ్ళలో పెద్దమ్మ దాన్ని చూసిన పాపాన పోలేదు.

ఇప్పుడు బైండులో రెండో వారం పేజీ నా ముందుంది. ఓడ మునిగే ఘట్టం. అందులో ఒక వాక్యం: కెరటం ఒక ఖలాసీని ఈడ్చుకుపోయింది. అంతే. పేరు లేదు. తర్వాతి వాక్యంలో కెప్టెన్ విక్రాంత్ పళ్ళు బిగించి చుక్కాని పట్టుకున్నాడు. ఆ రోజు వరండాలో పెద్దమ్మ ఆ వాక్యం దగ్గరే ఆగింది. మంచినీళ్ళు తాగడానికి ఆగిందనుకున్నాను. మామ్మ కళ్ళు తెరిచి, "ఆడి పేరేటి?" అంది.

పెద్దమ్మ పేజీలోంచి తల ఎత్తలేదు. "అప్పన్న."

"ఈతొచ్చేటి ఆడికి?"

"ఒచ్చత్తా."

"మరైతే ఏటైనాడు? బేగి సదువు."

పెద్దమ్మ చదివింది. అప్పన్నకి ఓడ గోదాం మీద మూసే చెక్క తలుపు ఒకటి దొరికింది. దానికి తన పంచెతో తనని కట్టేసుకున్నాడు. తేలాడు. అలా పుట్టాడు మా అప్పన్న.

ఆ తర్వాత ఎన్ని వారాలు తేలాడో! కెప్టెన్ విక్రాంత్, మాధురి వచ్చి పోతూనే ఉండేవారు గానీ వరండా మొత్తం అప్పన్న కోసం కాచుకునేది. విక్రాంత్ ఎంతసేపూ దవడలు బిగించేవాడు. అప్పన్నకి ఆకలేసేది. ఈ ముక్క ఇప్పుడు చదివితే గానీ నాకు తట్టలేదు: అచ్చులో ఉన్న హీరో ఆ నవల మొత్తంలో ఎక్కడా అన్నం తినలేదు. మా అప్పన్న ఎండుచేపల వాసనని బట్టి దీవి ఏ దిక్కున ఉందో పట్టేశాడు. ఆ దీవిలో పాత కళింగ ఓడలవాళ్ళ మనవలూ మునిమనవలూ ఉన్నారు, వాళ్ళకి తెలుగు సగం సగం అర్థమవుతుంది, పులుపు అంటే ఏమిటో తెలీదు. అప్పన్న వాళ్ళకి చింతకాయలు వెతికిపెట్టి కవళ్ళ చేపల పులుసు నేర్పాడు. వాళ్ళు ఏడ్చారు. పార్వతమ్మగారు కూడా చేట పక్కన పెట్టి కళ్ళు ఒత్తుకుంది. వాళ్ళు అప్పన్నకి ఊపిరి బిగబట్టే మంత్రం చెప్పారు. దాంతో ఆయన మునిగిపోయిన గుడి గోపురం మీద కూర్చుని, చేపలు ప్రదక్షిణ చేస్తుంటే చూశాడు. గర్భగుడిలో నీళ్ళ కింద దీపం వెలుగుతోందట. నేను గచ్చు మీద బోర్లా పడుకుని, చల్లటి ఎర్రరంగుకి చెంప ఆనించి, ఆ దీపం చూసేదాన్ని. నిద్రో మెలకువో తెలిసేది కాదు. కళ్ళు తెరిస్తే గోనెపట్టా సందులోంచి వెలుగు, మూస్తే దీపం.

పొద్దున్నపూట మామ్మ, కూర తరుగుతున్న పెద్దమ్మతో చాలా మామూలుగా, పాలవాడి గురించి చెప్పినట్టు చెప్పేది. "రవణా, ఆడు రెండు వారాల్నుంచీ పస్తున్నాడే. ఇయ్యాల కాస్త కూడు పెట్టు." పెద్దమ్మ తల ఊపేది. మధ్యాహ్నం అప్పన్నకి అన్నం దొరికేది. పిల్లదాన్ని, నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

సీరియల్ ముగింపుకి దగ్గరపడుతుండగా నాన్న ఒక కబురు తెచ్చాడు. నది అవతల సర్కండాలో చిన్నపిల్లల బాలవాడీ ఒకటుంది, అక్కడ చదువు చెప్పే దీదీ కావాలంటున్నారు. నాన్న అన్నం ముందు కూర్చుని, మామ్మ వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"వదిన చేత్తానంటంది అమ్మా."

"నది దాటి ఎల్తాదేటి?"

"రోడ్డు బ్రిడ్జి ఉంది కదే. రిక్షాలో ఎల్లి రిక్షాలో ఒచ్చేత్తాది."

"ఆ టైంకి ఆడొత్తే?"

"పన్నెండేళ్ళు దాటిపోనాదే అమ్మా! చిన్నాన్న కూడా రాసేడు, దర్భలతో బొమ్మ చేసి కర్మ చేసీమని. వదినకి ఇదేటి బతుకు? ఇంటికి తాళంకప్ప లాగ..."

"ఎవలు సూసేరు?" అంది మామ్మ.

మనిషి కనపడకుండా పోతే పన్నెండేళ్ళు చూసి, ఆ తర్వాత దర్భబొమ్మకి కర్మ చేయాలని మా వైపు పెద్దవాళ్ళు చెప్పేవారు. అది జరిగితే తప్ప పెద్దమ్మకి గేటు తెరుచుకోదు. జరగాలంటే మామ్మ ఒప్పుకోవాలి. పెద్దమ్మ అక్కడే బియ్యం చెరుగుతోంది. చేట ఆగింది. నాన్న ఏమైనా అంటాడేమోనని చూసింది. నాన్న పెరుగు కలుపుకున్నాడు. చేట మళ్ళీ కదిలింది. బాలవాడీ వాళ్ళకి ఆ వారంలోనే జవాబు చెప్పాలని నాన్న బయట అమ్మతో గొణుగుతుంటే విన్నాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ వరండా మామూలుగానే కడిగింది. పట్టాలు తడిపింది. అందరూ చేరారు. ఎండ ఎంత తీవ్రంగా ఉందంటే యార్డులో చప్పుడు కూడా బద్ధకంగా, దూరంగా, నీళ్ళలోంచి వచ్చినట్టు వినిపిస్తోంది. పెద్దమ్మ పత్రిక విప్పి, ఎప్పుడూ చదివే ఆ పుస్తకాల గొంతుతో మొదలుపెట్టింది.

"'గర్భగుడి రాతి తలుపు మూసుకుపోతోంది. లోపల కెప్టెన్ విక్రాంత్ కాలు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. పైన ఓడ మీద ఉన్నవాళ్ళు తాడు పట్టుకుని ఉన్నారు. అప్పన్న తన నడుముకున్న ఆ తాడు విప్పి కెప్టెన్‌కి కట్టాడు. వాళ్ళు లాగారు. కెప్టెన్ పైకి వచ్చాడు.'"

ఆగింది.

"మరి అప్పన్న?" అంది పార్వతమ్మగారు.

"'అప్పన్న రాలేదు.'"

మామ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "ఇంకో తాడు ఎయ్యమను."

"ఏసేరత్తా. అందలేదు."

"ఎవలు సూసేరు?"

వరండాలో ఉన్న ప్రతి మనిషికీ ఆ ప్రశ్న తెలుసు. చింతపండు గింజలు తీస్తున్న వేళ్ళు ఆగిపోయాయి. పెద్దమ్మ పత్రిక ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత చెప్పినదేదీ దాన్ని చూసి చెప్పలేదు. పుస్తకాల గొంతు కూడా పోయింది.

"నరిసింవులని తోటి ఖలాసీ సూసేడత్తా. పక్కనే ఉన్నాడు. సెయ్యి పట్టుకున్నాడు. జారిపోనాది. ముకంలో బాధ లేదన్నాడు. నీళ్ళలో దీపం కిందికి దిగినట్టు దిగిపోనాడన్నాడు."

"అమ్మని తలుసుకున్నాడేటి?"

"తలుసుకున్నాడత్తా."

షంటింగ్ ఇంజను ఎక్కడో కూత వేసి ఊరుకుంది. మామ్మ చుట్టని గచ్చు మీద రాసి ఆర్పింది. గోడ పట్టుకుని లేచి, ఇంట్లోంచి నడుచుకుంటూ పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది. బకెట్లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు. తర్వాత తల మీంచి గుమ్మరించుకున్న చప్పుడు. మళ్ళీ పట్టింది, మళ్ళీ గుమ్మరించుకుంది. అయినవాళ్ళ చావు కబురు వింటే కట్టుబట్టలతో తలమీద నీళ్ళు పోసుకోవడం మా ఆచారం. మేం కదల్లేదు. పార్వతమ్మగారు చేట పక్కన పెట్టి, లేచి వాళ్ళింటికి వెళ్ళింది. ఆవిడ మాకు చుట్టం కాదు, కులం కూడా వేరు. కాసేపటికి గోడ అవతల నుంచి నీళ్ళ చప్పుడు. ఆ తర్వాత ఇంకో ఇంట్లో. ఆ తర్వాత వరస చివర ఇంట్లో. మండుటెండలో, వరసలో ఉన్న క్వార్టర్లన్నిటి పెరళ్ళలోంచీ నీళ్ళు పడుతున్న చప్పుడు ఒకదాని తర్వాత ఒకటి వినిపించింది. ఫూల్‌బాయి మెట్టు మీద బిత్తరపోయి చూస్తోంది. "బూడ్‌గే కా?" అని మెల్లగా అడిగింది.

"బూడ్‌గే," అంది పెద్దమ్మ.

ఫూల్‌బాయి గంపలో కూరల మీద చల్లుకునే నీళ్ళ చెంబు తీసి, తన నెత్తి మీద కొంచెం చిలకరించుకుంది.

మామ్మ తిరిగొచ్చింది. తెల్లజుట్టు విడిపోయి వీపంతా అంటుకుని ఉంది. ఒంటి మీంచి కారిన నీళ్ళు ఎర్రగచ్చు మీద దారి కట్టాయి. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. "మరా గుడేటైనాది? గంటేటైనాది?" అంది.

పెద్దమ్మ ఒళ్ళో ఉన్న పత్రిక మూయబోయింది.

"సదవే రవణా. మొదలెట్టినాక మజ్జిలో ఆపకూడదు."

పెద్దమ్మ చదివింది. అచ్చులో ఉన్నదే చదివింది: తామ్రపత్రం రెండు సగాలూ కలిశాయి, ఒంటికన్నువాడు తను తవ్విన గోతిలోనే పడ్డాడు, గంట ఆగిపోయింది. చదువుతుంటే కన్నీళ్ళు కారి పేజీ మీద పడుతూనే ఉన్నాయి. అయిపోయాక మామ్మ, "ఇప్పుడెల్లి నువ్వూ నీళ్ళు పోసుకో తల్లీ," అంది. ఆ సాయంత్రం మూత ఉన్న గిన్నె అలమరలో బోర్లించి ఉంది.

చిన్నతాత, అంటే మామ్మ మరిది, శ్రీకాకుళం నుంచి వచ్చాడు. నాన్న అర్పా ఇసకలో దర్భబొమ్మకి కర్మ చేశాడు. చిన్నతాత పెద్దమ్మ బొట్టు గురించి ఏదో ఎత్తబోతే మామ్మ కసిరింది. "పిల్లల బడికి ఎల్లీ మనిసి. బోడి మొకంతో ఎల్తే గుంటలు జడుసుకోరేటి?" చిన్నతాత కాఫీ తాగాడు. సెలవులు కాబట్టి బాలవాడీకి మొదటిరోజు నేనూ రిక్షాలో కూడా వెళ్ళాను. మామ్మ టిఫిన్ డబ్బా సర్ది పెద్దమ్మ చేతిలో పెడుతూ, "సముద్రం కాదు కదే, ఏరు. అటేపెల్లి ఇటేపు ఒచ్చీ," అంది. వంతెన మీద పెద్దమ్మ రిక్షా ఆపించింది. కింద అర్పాలో మోకాలి లోతు నీళ్ళు, మిగతాదంతా ఇసక, గేదెలు. ఆవిడ కమ్మీ పట్టుకుని అదే చాలాసేపు చూసింది. రిక్షావాడు బెల్లు కొట్టాడు.

ఆ బాలవాడీలోనే పెద్దమ్మ రిటైరైంది, నది అవతలే ఇల్లు కట్టుకుంది. నేను ఇది ఫోన్లోనే రాస్తున్నాను, బొటనవేళ్ళతోనే. ఎవరు ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారో, ఎప్పుడు చూసి జవాబివ్వకుండా ఊరుకున్నారో నాకు క్షణాల్లో తెలుస్తుంది. మెసేజ్ చూసి అయిదు నిమిషాలు జవాబు రాకపోతే నాకు మండిపోతుంది. ఎక్కడ ఓడ మునిగినా, ఎవరో ఒకరు వీడియో తీసి పెడతారు. ఎవరు చూశారని అడగాల్సిన పని లేదు, అందరం చూస్తాం, చూసి పక్కకి తోసేస్తాం. అప్పుడు ఒక వార్త కోసం ఒక ముసలావిడ పన్నెండేళ్ళు చుట్ట నోట్లో పెట్టుకుని కూర్చుంది. ఆ వార్త చెప్పగలిగిన ఒక్క మనిషీ ఇంట్లోనే ఉంది. చెప్పడానికి ఆమెకి ఒక తుఫానూ, ఒక శాపం తగిలిన గుడీ, ఒక ఎండాకాలం మొత్తం కావాల్సి వచ్చింది.

ఇదంతా గ్రూపులో పెడితే ప్రసాద్ కొత్త పాట ఎత్తుకున్నాడు. "అయితే పెద్దమ్మ చదువురాని ముసలమ్మని మోసం చేసిందన్నమాట." చదువురాదు, నిజమే. కానీ అచ్చులో ఉన్న మనిషికి అన్నం పెట్టమని పొద్దున్నే ఎవరైనా పురమాయిస్తారా? పేరేమిటని అడిగి వాణ్ణి పుట్టించింది మామ్మ. ఎవరు చూశారని అడిగి వాణ్ణి పోనిచ్చిందీ మామ్మే. కోడలు చదువుతున్నది పేజీ మీద లేదని ఆవిడకి మొదటిరోజే తెలుసని నేనంటాను. తెలిసే వింది, తెలిసే లేచి ఆ నీళ్ళు పోసుకుంది. కాదంటారా? కాదనేవాళ్ళు రండి, ఎలా కాదో చెప్పండి చూద్దాం?